పెళ్ళెప్పుడయింది?

మా అల్లుడు వాషింగ్టన్‌లో నాకు చూపించాల్సినవాటికి ఒక జాబితా వేసి పెట్టుకున్నాడు. వైట్‌హౌస్, లింకన్ స్మారకం, విమానాలూ రాకెట్లూ పెట్టిన మ్యూజియం. నా జాబితా విన్నాక ఆ కాయితం మడిచి జేబులో పెట్టుకుని, "ఇదేంటండీ అత్తయ్యగారూ, ఇంత దూరం వచ్చి పింఛను కాయితాలు చూస్తారా!" అన్నాడు. "మా అమ్మ అంతే" అని మా అమ్మాయి వంటింట్లోంచి తీర్పు చెప్పేసింది.

అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో పోరాడినవాళ్ళ భార్యలు ముసలితనంలో పింఛను కోసం ఇంట్లో ఉన్న బైబిలు నుంచి పుటలు చింపి ఆఫీసుకు పంపారని ఎప్పుడో చదివాను. అప్పట్నుంచీ అలాంటి పుట ఒకటి చూడాలని ఉండేది. దీనికి కారణం మా నాయనమ్మ. ఆవిడ సంగతి కాస్త ఆగి చెబుతాను.

అక్టోబరు నెల. వర్జీనియాలో వాళ్ళ ఇంటి చుట్టూ మేపుల్ చెట్లు కళ్ళంలో ఆరబోసిన మిరపకాయల్లా ఎర్రబారి ఉన్నాయి. మెట్రో ఎక్కి జ్యుడీషియరీ స్క్వేర్‌లో దిగి పైకి వస్తే ఎదురుగా ఎర్ర ఇటుకల కోట లాంటి భవనం. ఇప్పుడది కట్టడాల మ్యూజియం. కట్టింది మాత్రం పింఛన్ల ఆఫీసు కోసం, 1882లో మొదలుపెట్టి 1887లో పూర్తి చేశారు. అంతర్యుద్ధం తర్వాత కుంటివాళ్ళూ, చేతులు పోయినవాళ్ళూ, వితంతువులూ లక్షల్లో అర్జీలు పెడుతుంటే వాటిని చూసే గుమాస్తాలకు చోటు చాలలేదట. మాంట్‌గామరీ మెగ్స్ అనే సైనిక ఇంజనీరు దీని రూపకర్త. భవనం నడుముకు వడ్డాణం పెట్టినట్టు, 1200 అడుగుల పొడవున మట్టితో చేసి కాల్చిన శిల్పాల వరస ఉంది: గుర్రాలు, ఫిరంగులు, నావికులు, కట్లు కట్టుకున్న క్షతగాత్రులు. కట్టిన నాటి నుంచీ వాళ్ళంతా ఆ ఆఫీసు చుట్టూ ప్రదక్షిణం చేస్తూనే ఉన్నారు. పింఛను ఆఫీసుకు ఇంతకంటే తగిన అలంకారం ఇంకెవరికీ తట్టదు.

లోపలికెళ్తే 75 అడుగుల స్తంభాలు ఎనిమిది. పాలరాయి అనుకుని చెయ్యి వేసి చూశాను. లోపల ఇటుకే, పైన రంగుపూత. నాకు ఎక్కువ నచ్చినవి మాత్రం మెట్లు. ఎత్తు తక్కువ, వెడల్పు ఎక్కువ. కర్రకాలు పెట్టుకున్న మనిషి కూడా ఎక్కాలని అలా కట్టారట. నా మోకాళ్ళు వెంటనే మెగ్స్‌గారికి దణ్ణం పెట్టాయి. మన దగ్గర పింఛను ఆఫీసు ఎప్పుడూ మేడ మీదే ఎందుకుంటుందో, ఆ మేడమెట్లు అంత నిటారుగా ఎందుకుంటాయో నాకీనాటికీ అర్థం కాలేదు.

మర్నాడు నేషనల్ ఆర్కైవ్స్. చుట్టూ 72 స్తంభాలున్న భవనం. కాన్‌స్టిట్యూషన్ అవెన్యూ వైపు స్వాతంత్ర్య ప్రకటన పత్రం చూడటానికి జనం బారులు తీరారు. నేను వెళ్ళాల్సింది వెనక పెన్సిల్వేనియా అవెన్యూ వైపు, అక్కడ వరసే లేదు. సంచి లాకరులో పెట్టించారు, కలం తీసుకుని పెన్సిలిచ్చారు. సాయం చేసేందుకు కూర్చున్నావిడ "మీ పూర్వీకుడి పేరేమిటి?" అని అడిగింది. ఇక్కడికొచ్చేవాళ్ళంతా తమ వంశం వెతుక్కునేవాళ్ళేనట. మా వాళ్ళెవరూ ఆ యుద్ధంలో లేరమ్మా, నేను కృష్ణానది పక్కనుంచి వచ్చాను, ఊరికే చదువుదామని అన్నాను. అంతే, ఆవిడ లేచి వచ్చి, నా పక్కన కూర్చుని, ఫిల్ము చుట్ట యంత్రానికి ఎలా ఎక్కించాలో రెండుసార్లు చూపించింది. 'ఊరికే' అన్న మాటకు ఆఫీసుల్లో అంత మర్యాద జరగడం నేనెక్కడా చూడలేదు.

అసలు కాయితాలు ముట్టుకోనివ్వరు. మైక్రోఫిల్ములోనే చూడాలి. దాదాపు 80,000 ఫైళ్ళు 2,670 చుట్టల్లో ఉన్నాయి. ఒక్కో ఫైలు మీద ఒక అక్షరం ఉంటుంది. సైనికుడు బతికుండగా పెట్టుకున్నదైతే 'ఎస్', వితంతువుదైతే 'డబ్ల్యూ', తిరస్కరించిందైతే 'ఆర్'. ఇవి కాక కొన్ని పేర్ల దగ్గర, గాయాలకు పింఛను ఉండేది గానీ కాయితాలు లేవని చిన్న గుర్తు మాత్రమే ఉంటుంది. 1800 నవంబరులో యుద్ధశాఖ ఆఫీసు తగలబడింది. అంతకుముందు పెట్టుకున్న అర్జీలన్నీ బూడిదయ్యాయి. 1814లో బ్రిటిషువాళ్ళొచ్చి వాషింగ్టన్‌కు నిప్పు పెట్టారు, అప్పుడు మరికొన్ని పోయాయి. ఆ తర్వాత ఎవరు పింఛను అడిగినా ప్రభుత్వం చెప్పే మాట ఒకటే: నువ్వు సైన్యంలో ఉన్నావని మా దగ్గర దాఖలా లేదు, నువ్వే రుజువు తెచ్చుకో.

నాకు నవ్వొచ్చింది, తర్వాత నవ్వు పోయింది. మా తాతయ్య క్విట్ ఇండియా ఉద్యమంలో బళ్ళారి దగ్గర అలీపురం జైల్లో ఉన్నాడు. 1972లో కేంద్రప్రభుత్వం సమరయోధులకు పింఛను పెట్టింది. ఆరు నెలలు జైల్లో ఉన్నట్టు రుజువుండాలి. ఈయన పేరున్న జైలు రికార్డు దొరకలేదు. అలాంటప్పుడు తోటి ఖైదీలు సర్టిఫికెట్ ఇవ్వాలి. అంటే ముప్పై ఏళ్ళ కిందట తనతో రాగిసంకటి తిన్నవాళ్ళను ఊరూరా వెతుక్కోవాలి. దొరికినవాళ్ళిద్దరిలో ఒకాయనకు అప్పటికే మతిమరుపు. ఇక్కడ యంత్రం తెర మీద, 1830లలో, వెర్మాంట్‌లోనో వర్జీనియాలోనో, ఎనభై ఏళ్ళ ముసలాళ్ళు జిల్లా కోర్టుకొచ్చి అచ్చం అదే పని చేస్తున్నారు: అవును, ఇతను మా కంపెనీలోనే ఉండేవాడు, ఫలానా చలికాలం మాతోపాటే ఆకలితో ఉన్నాడు అని ప్రమాణాలు.

సిపాయిలకూ అధికారులకూ మధ్య ఇక్కడ కూడా అంతరం ఉంది. 1780లో అప్పటి కాంగ్రెస్, యుద్ధంలో చనిపోయిన అధికారుల భార్యలకు ఏడేళ్ళపాటు సగం జీతం ఇస్తామంది. భార్య మళ్ళీ పెళ్ళి చేసుకుంటే ఆ డబ్బు పిల్లలకు. సిపాయి భార్యకు ఆ మాటే లేదు. 1818లో వచ్చిన చట్టం బీదరికంలో ఉన్న పాత సైనికులకు పింఛను ఇచ్చింది. అధికారికి నెలకు 20 డాలర్లు, సిపాయికి 8. అర్జీలు వెల్లువెత్తాయి, ఖర్చు అంచనాలు దాటింది. దాంతో 1820లో కొత్త మెలిక: నీ ఆస్తి జాబితా రాసి ప్రమాణం చెయ్యి.

ఆ జాబితాలు చదవడం కష్టం. ఒక ఆవు. రెండు పందులు. ఇనప కుండ, మూత లేదు. నాలుగు కుర్చీలు, పాతవి. అప్పులు ఇంత. భార్యకు జబ్బు. ఒకప్పుడు కెప్టెన్‌గా వంద మందిని నడిపించిన మనిషి కోర్టులో నిలబడి తన వంటింటి గిన్నెలు లెక్కపెడుతున్నాడు. మన పింఛను పథకంలోనూ మొదట ఏడాదికి 5,000 రూపాయల ఆదాయం మించకూడదన్న నిబంధన ఉండేది, 1980లో తీసేశారు. వీళ్ళు 1832లో తీసేశారు. త్యాగానికి గౌరవం ఇవ్వాలంటే ముందు లేమిని నిరూపించుకోమనడం ఏ దేశపు గుమాస్తాకైనా మొదట తట్టే ఆలోచన కాబోలు. ఒకందుకు మాత్రం ఆ అవమానానికి మనం రుణపడి ఉన్నాం. కలిగినవాళ్ళు రాసుకున్న ఉత్తరాలు, డైరీలు ఎలాగూ దాచుకుంటారు. మూత లేని కుండ చరిత్రలోకి రావాలంటే ఇలా ఎవరో నిలదీసి రాయించాలి.

పక్క యంత్రం దగ్గర ఒహాయో నుంచి వచ్చిన పెద్దాయన ఉన్నాడు. డెబ్బై దాటి ఉంటాయి. పొద్దుటి నుంచీ ఒక్క మాట మాట్లాడని మనిషి ఉన్నట్టుండి "చూడండి, చూడండి" అని నా భుజం తట్టాడు. తట్టినందుకు వెంటనే రెండుసార్లు క్షమాపణ కూడా చెప్పాడు. ఆయన తాతలకు తాత ఆ యుద్ధంలో లెఫ్టినెంట్. తెర మీద ఉన్నది అతని భార్య పంపిన బైబిలు పుట. ఎడమ అంచున చింపిన గీత వంకరగా ఉంది. పైన పెళ్ళి తేదీ. కింద ఎనిమిది పుట్టుకలు. మూడింటి పక్కనే చావులు, వేరే సిరాతో. ఆ కింద వాంగ్మూలంలో ఆవిడ సంతకం లేదు, ఇంటూ గుర్తు మాత్రమే ఉంది. చదవడం రాని మనిషి తన ఇంట్లో రాసి ఉన్న ఒకే ఒక్క పుటను చింపి ఇచ్చేసింది.

ఎందుకివ్వాలీ అంటే, పెళ్ళి తేదీ కోసం. 1836లో చట్టం వితంతువులకు పింఛను ఇచ్చింది గానీ, భర్త సైన్యంలో పనిచేసిన కాలం ముగిసేలోపే పెళ్ళయి ఉండాలంది. 1838లో ఆ గీత జరిపి 1794కు ముందు పెళ్ళయితే చాలన్నారు. 1848లో ఇంకా జరిపి 1800 దాకా తెచ్చారు. చివరికి 1853లో తేదీ గొడవే తీసేశారు. అంటే పదిహేడేళ్ళపాటు, ముసలమ్మలు చచ్చిపోతూ ఉండగా, ప్రభుత్వం అడిగిన ముఖ్యమైన ప్రశ్న మీ ఆయన ఏ యుద్ధంలో పోరాడాడు అని కాదు. నీకు పెళ్ళెప్పుడయింది?

పెళ్ళిళ్ళు ఊరి పాస్టరు ఇంట్లోనో, అడవి అంచున గుడిసెలోనో జరిగేవి. రిజిస్టర్లు చాలా చోట్ల లేవు. అందుకే బైబిలు పుటలు. పెన్సిల్వేనియాలో స్థిరపడ్డ జర్మన్ కుటుంబాలు పిల్లల పుట్టుక పత్రాలకు పిట్టలూ పువ్వులూ ముగ్గుల్లా వేసి రంగులద్దేవి. గోడకు తగిలించుకోవాల్సిన ఆ బొమ్మలు కూడా ఫైళ్ళలో మడతపడి ఉన్నాయి. పంపినవి చాలావరకు ఇళ్ళకు తిరిగి వెళ్ళలేదు.

ఇక నాయనమ్మ సంగతి. తాతయ్య పోయాక ఆవిడ పేర పింఛను మార్చమని నాన్న అర్జీ పెట్టాడు. పెళ్ళి రుజువేది అన్నారు. శారదా చట్టం 1930 ఏప్రిల్ నుంచి అమల్లోకొస్తుందని తెలిసి, ఊళ్ళో అందరూ ఆడపిల్లల పెళ్ళిళ్ళు హడావిడిగా చేసిన మాఘమాసంలో ఆవిడ పెళ్ళయింది. అప్పుడావిడకు పదకొండేళ్ళు. అప్పట్లో ఫోటో ఏదీ, రిజిస్ట్రేషన్ ఏదీ! ఉన్నదల్లా ట్రంకుపెట్టె అడుగున, పసుపు ముద్ద రంగు మిగిలిన శుభలేఖ. శుక్ల నామ సంవత్సరం అని ఉంటే, ఇంగ్లీషు తేదీ ఏదని అడిగారట ఆ ఆఫీసులో. పంచాంగం చూపించి ఒప్పించాల్సి వచ్చింది. ఒరిజినల్ ఫైల్లో ఉండాలన్నారు. ఇచ్చాడు నాన్న. పింఛను వచ్చింది, శుభలేఖ రాలేదు. ఆ తర్వాత నాయనమ్మ బతికిన తొమ్మిదేళ్ళూ, మా ఊరి నుంచి ఎవరు ఆ ఆఫీసున్న ఊరు వెళ్తున్నా "నా శుభలేక ఉందేమో చూడయ్యా" అనేది.

ఒహాయో పెద్దాయనకు ఇదంతా నా వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పాను. ఆయన తెర వైపు చూస్తూ చాలాసేపు ఊరుకున్నాడు. తర్వాత తన దగ్గరున్న పిప్పరమెంటు బిళ్ళ ఒకటి తీసి నా చేతిలో పెట్టాడు. ఆ గదిలో తినకూడదు గనక ఇద్దరం బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని చప్పరించాం.

సాయంత్రం దాకా చదివినవాటిలో 'ఆర్' గుర్తున్నవే నన్ను వదల్లేదు. జెహూ గ్రాంట్ అనే నల్లజాతి మనిషి రోడ్ ఐలండ్‌లో యజమాని దగ్గర నుంచి పారిపోయి అమెరికా సైన్యంలో చేరాడు. కొన్ని నెలలకు యజమాని వెతికి పట్టుకుపోయాడు. 1832లో, ముసలితనంలో, పింఛను అడిగాడు. పారిపోయిన బానిస చేసిన కొలువు కొలువు కిందికి రాదని తోసేశారు. స్వేచ్ఛ కోసం జరిగిన యుద్ధంలో అతను చేసిన నేరం స్వేచ్ఛ కోసం పారిపోవడం! దీనికి పక్కన పెట్టి చూడాల్సింది డెబొరా శాంప్సన్ కథ. మగవేషం వేసుకుని, పేరు మార్చుకుని సైన్యంలో పోరాడిన మనిషి. ఆవిడ పోయాక భర్త బెంజమిన్ గానెట్ తనకు వితంతువుల పింఛనులాంటిది ఇమ్మని అడిగాడు. కాంగ్రెస్ 1838లో ఒప్పుకుంది, అప్పటికి ఆయనా పోయాడు. డబ్బు పిల్లలకిచ్చారు.

1853లో తేదీ గీత చెరిపేశాక ఒక విచిత్రం జరిగింది. నోవా డేమన్ అనే పాత సిపాయి 1835లో, తన 75వ ఏట, ఎస్తర్ అనే 21 ఏళ్ళ అమ్మాయిని పెళ్ళాడాడు. ఆవిడ 1906 దాకా బతికింది, ఆ యుద్ధం తాలూకు పింఛను తీసుకున్న వితంతువుల్లో ఆఖరిది. విజయనగరంలో 'కన్యాశుల్కం' మొదటిసారి ఆడిన 1892లో కూడా, నేను నిన్న చూసిన ఆ ఇటుకల భవనంలో ఎవరో గుమాస్తా ఎస్తర్ ఫైలు తీసి, ఒక అంకె వేసి, మళ్ళీ కట్టి పెడుతున్నాడన్నమాట. ఎందుకు చేసుకుందో ఆ పిల్ల ఆ పెళ్ళి, ఫైళ్ళు చెప్పవు.

ఈ కాయితాలన్నిటినీ కలిపిరాతలోంచి అచ్చు అక్షరాల్లోకి ఎక్కించే పని ఇప్పుడు స్వచ్ఛందంగా జరుగుతోంది. కలిపిరాత చదవగలిగినవాళ్ళు ఎవరైనా ఇంట్లో కూర్చుని చెయ్యొచ్చు. ఇక్కడి పిల్లలకు బళ్ళో కలిపిరాత నేర్పడం కొన్నేళ్ళపాటు తగ్గిపోయిందట, చదవగలిగేది ఎక్కువగా ముసలాళ్ళేనట. మా ఊరి కరణాల గొలుసుకట్టు గుర్తొచ్చింది. పాత దస్తావేజులు చదివించుకోవడానికి ఇప్పుడు మనిషిని వెతుక్కోవాలి.

శనివారం నాడు కారులో ఉత్తరానికి బయల్దేరాం. అల్లుడికి ఈపాటికి నా పిచ్చి అంటుకుంది. ఎడిసన్‌లో ఆగి పెసరట్టు తిన్నాం. అల్లంపచ్చడిలో బెల్లం ఎక్కువైంది గానీ మా అమ్మాయి కళ్ళు మూసుకుని తింది, నేనేమీ అనలేదు. మధ్యాహ్నానికి న్యూబర్గ్. హడ్సన్ నది అక్కడ కొండల మధ్య విశాలంగా, ప్రకాశం బ్యారేజీ వెనక కృష్ణలాగా నిలబడి ఉంటుంది. నిలబడటం కూడా కాదు. సముద్రపు పోటు అక్కడి దాకా వస్తుంది కాబట్టి రోజులో కొంతసేపు నది వెనక్కి పారుతుంది. దారి పక్క ఆపిల్ తోటలో వేడివేడి డోనట్లు అమ్ముతుంటే కొన్నాం. పిండిలో ఆపిల్ రసం కలిపి వేయిస్తారు. గారె ఆకారం, బూరె రుచి. తోట యజమానురాలు డబ్బు తీసుకున్నాక, నేను ఆశగా చూస్తున్నానని కాబోలు, ఇంకొకటి వేసి, కాయితం మూతి మడిచి ఇచ్చింది. కొసరు! ఆ అలవాటు ఈ దేశంలో లేదనుకున్నాను.

న్యూబర్గ్ పక్కన న్యూ విండ్సర్‌లో 1782-83 చలికాలం వాషింగ్టన్ సైన్యం, ఏడు వేల మంది దాకా, కర్ర గుడిసెల్లో గడిపింది. యుద్ధం దాదాపు అయిపోయింది. జీతాలు లేవు. బతికినంతకాలం సగం జీతం ఇస్తామని 1780 అక్టోబరులో కాంగ్రెస్ అధికారులకు మాటిచ్చింది, ఖజానాలో చిల్లిగవ్వ లేదు. కోపం రాజుకుంది. కాంగ్రెస్ మీదికే తిరగబడదామన్నట్టు సంతకం లేని కాయితాలు చేతులు మారాయి. 1783 మార్చి 15న వాషింగ్టన్ వాళ్ళ సభకు వచ్చాడు. ఆ సభ జరిగిన, సిపాయిలు కట్టిన పెద్ద కర్రల సావిడిని మళ్ళీ కట్టి పెట్టారు, అందులో బెంచీ మీద కూర్చున్నాను. ఆయన సుదీర్ఘంగా మాట్లాడాడు, ఎవరూ కరగలేదు. ఒక ఉత్తరం చదవబోయి అక్షరాలు ఆనక, జేబులోంచి కళ్ళజోడు తీశాడు. మీ కొలువులో జుట్టు నెరిసింది, ఇప్పుడు చూపు కూడా మందగిస్తోందని మామూలుగా అన్నాడట. అధికారులు కళ్ళు తుడుచుకున్నారు. వారం తిరిగేసరికి కాంగ్రెస్, జీవితాంతం సగం జీతానికి బదులు ఐదేళ్ళ పూర్తి జీతం అంది. అదీ నగదు కాదు, వడ్డీ పత్రాలు. ఇంటికెళ్ళడానికి దారిఖర్చు లేక ఆ పత్రాలను ఎంతోమంది వచ్చినకాడికి అమ్మేసుకున్నారు.

కళ్ళజోడు కథ ఈ దేశంలో పిల్లలందరికీ తెలుసట. కళ్ళు తుడుచుకుని ఇంటికెళ్ళిన ఆ కెప్టెన్లే, లెఫ్టినెంట్లే, ముప్పై ఏడేళ్ళ తర్వాత మూత లేని కుండ లెక్కపెట్టారన్నది ఆ కథ పక్కన ఎవరూ చెప్పరు.

మర్నాడు నది పొడవునా ఆల్బనీ. గట్టు మీద ఎర్ర ఇటుకల షైలర్ భవనం. జనరల్ ఫిలిప్ షైలర్ ఇల్లు. ఆయన కూతురు ఎలిజబెత్‌ను అలెగ్జాండర్ హామిల్టన్ ఈ ఇంట్లోనే పెళ్ళాడాడు. ఇప్పుడు హామిల్టన్ మీద పాటల నాటకం వచ్చి, మా మనవరాలికి కూడా నోటికొచ్చు. ఆ నాటకం పుణ్యాన ఇంటి నిండా జనం, సగం మంది పదిహేనేళ్ళ ఆడపిల్లలు. వాళ్ళకు పింఛను సంగతి తెలుసో లేదో. అధికారుల జీతాల మీద తాను కాంగ్రెస్‌లో మాట్లాడాలి కాబట్టి, అందులో తనకు స్వార్థం ఉండకూడదని హామిల్టన్ తన వాటా ముందే వదులుకున్నాడు. గొప్ప మాటే. 1804లో తన ప్రత్యర్థి బర్‌తో ద్వంద్వయుద్ధంలో పోయేసరికి ఆవిడకు మిగిలింది ఏడుగురు పిల్లలు, అప్పులు. దేశానికి మొదటి ఆర్థికమంత్రి భార్య, మొగుడు వదులుకున్నది తిరిగి ఇమ్మని కాంగ్రెస్‌ను అడుక్కోవాల్సి వచ్చింది. 1816లో ఆవిడ కోసం ప్రత్యేకంగా ఒక చట్టం చేసి, లెఫ్టినెంట్ కల్నల్ ఐదేళ్ళ జీతం ఇచ్చారు. తర్వాత వితంతువుల చట్టం వచ్చినప్పుడు దాని కింద కూడా అర్జీ పెట్టింది. 97 ఏళ్ళు బతికి 1854లో పోయింది. మగవాడు ఒక్క సంతకంతో ఆదర్శం చూపించి పోతే, దాన్ని మాపుకోవడానికి ఆడదానికి ఎన్ని సంతకాలు పట్టాయో!

గైడు మమ్మల్ని ముందుగదిలోకి తీసుకెళ్ళి, 1780 డిసెంబరు 14న పెళ్ళి ఇక్కడే జరిగిందన్నాడు. కిటికీలోంచి పల్చటి ఎండ నేల మీద పడుతోంది. అమ్మాయిలు ఫోటోలు తీసుకుంటున్నారు. నేను వేళ్ళు మడిచి లెక్క చూసుకుని, "డిసెంబరు 80. యార్క్‌టౌన్ యుద్ధం 81 అక్టోబరు. 36 చట్టానికి సరిపోతుంది" అని పైకే అనేశాను. అల్లుడు నవ్వాడు. మా అమ్మాయి నవ్వలేదు.

తిరిగొచ్చేటప్పుడు కారులో, చీకటి పడ్డాక, వెనక సీట్లో నా పక్కన కూర్చుని అడిగింది. "అమ్మా, మీ పెళ్ళి శుభలేఖ ఉందా?"

"ఉంది. బీరువాలో, పై అరలో, పట్టుచీరల కింద."

"ఒకటేనా?"

"ఒకటే. ఎవరడిగినా జిరాక్సే ఇవ్వు."